నెట్‌వర్క్ డేటాబేస్‌లో తనలో తాను తిరిగే నిర్మాణాల నుంచి డేటా తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత మెయిన్‌ఫ్రేమ్ మీద ఐడీఎంఎస్ లాంటి నెట్‌వర్క్ డేటాబేస్, అంటే రికార్డులను పాయింటర్లతో ఒకదానికొకటి ముడివేసే డేటాబేస్, నడుస్తోంది. అందులో విడిభాగాల జాబితా ఉంది. దాన్ని అడుగుదాకా విప్పి రిపోర్టు ఇవ్వాలి, లేదా మొత్తంగా రిలేషనల్ (పట్టికల) డేటాబేస్‌లోకి తరలించాలి. ఈ పని నెత్తిన పడ్డవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలన్నీ ఒక సైకిల్ చుట్టూ తిరుగుతాయి. ఆదేశాల పేర్లు, స్టేటస్ కోడ్‌లు ఐడీఎంఎస్‌వి. కోడాసిల్ (ఈ రకం డేటాబేస్‌లకు ప్రమాణాలు రాసిన సంఘం) బాటలో వచ్చిన మిగతా సిస్టంలలో పేర్లు కొంచెం మారినా లోపలి లెక్క ఇదే.

తనలో తాను తిరిగే నిర్మాణం అంటే ఏమిటి?

సైకిల్‌లో చక్రం ఉంటుంది. చక్రంలో స్పోకులు, నట్లు ఉంటాయి. సైకిలూ ఒక భాగమే, చక్రమూ భాగమే, నట్టూ భాగమే. మూడూ ఒకే రకం రికార్డులు. ఒక భాగంలో ఇంకో భాగం, దానిలో మరొకటి, ఇలా ఎంత లోతుకు పోతుందో ముందే చెప్పలేం. ఉద్యోగి పైన అధికారి, ఆయన పైన ఇంకో అధికారి ఉండటం కూడా ఇలాంటిదే. ఖాతాలో ఉపఖాతా ఉన్నా అంతే.

నెట్‌వర్క్ డేటాబేస్‌కు ఇది కొత్త సమస్య కాదు. చార్లెస్ బాక్‌మన్ 1960ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఐడీఎస్ అనే డేటాబేస్ తయారు చేసింది కర్మాగారాల సమాచారం కోసమే. ఈ డేటాబేస్‌లు విడిభాగాల జాబితాల మధ్యే పెరిగాయి. అందుకే వాటిలో ఇలాంటి నిర్మాణాలు ఇంత ఎక్కువగా కనిపిస్తాయి.

'భాగం' రికార్డునే ఓనర్‌గానూ మెంబర్‌గానూ పెట్టి ఒక్క సెట్‌తో సరిపెట్టవచ్చు కదా?

సెట్ అంటే ఒక ఓనర్ రికార్డునూ దాని కింది మెంబర్ రికార్డులనూ పాయింటర్లతో గొలుసుగా కలిపే ముడి. ఒక్క సెట్‌తో రెండు కారణాల వల్ల కుదరదు. మొదటిది, ఐడీఎంఎస్‌లో ఒకే రికార్డు రకం ఒకే సెట్‌కు ఓనర్‌గానూ మెంబర్‌గానూ ఉండకూడదు. రెండోది ఇంకా లోతైనది. ఒక సెట్ రకంలో ఒక మెంబర్ రికార్డుకు ఒకేసారి ఒక్క ఓనరే ఉంటాడు. నట్టు చక్రంలోనూ ఉంది, సీటులోనూ ఉంది. ఒక్క సెట్ పెడితే నట్టును ఎవరికో ఒకరికే కట్టబెట్టాలి.

అందుకని మధ్యలో ఇంకో రికార్డు పెడతారు. దాన్ని ఇక్కడ 'కూర్పు' అందాం. 'ఈ భాగంలో ఆ భాగం ఇన్ని' అన్న ఒక్క విషయమే అందులో ఉంటుంది. భాగం నుంచి కూర్పుకు రెండు సెట్లు వస్తాయి.

'ఏముంది' సెట్‌లో ఓనర్ పై భాగం. దానిలో ఉన్నవాటి కూర్పులు దీని మెంబర్లు.

'ఎక్కడుంది' సెట్‌లో ఓనర్ కింది భాగం. అది వాడిన చోట్ల కూర్పులు దీని మెంబర్లు.

ప్రతి కూర్పుకూ ఇలా ఇద్దరు ఓనర్లు, ఒక్కో సెట్‌లో ఒక్కరు. మన సైకిల్‌ను చూడండి. సైకిల్‌లో చక్రాలు 2, సీటు 1. చక్రంలో స్పోకులు 32, నట్లు 2. సీటులో నట్టు 1. ముందు, వెనక చక్రాలు ఒకటే అనుకుందాం. అంటే భాగం రికార్డులు 5, కూర్పు రికార్డులు 5. నట్టు రికార్డు ఒక్కటే, దాని 'ఎక్కడుంది' గొలుసులో మాత్రం రెండు కూర్పులు.

కరెన్సీ అంటే ఏమిటి? దాని గురించి ఇంత హెచ్చరిక ఎందుకు?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

నెట్‌వర్క్ డేటాబేస్‌లో ప్రోగ్రాం ఒక రికార్డు నుంచి పాయింటర్ పట్టుకుని ఇంకో రికార్డుకు నడిచి వెళ్తుంది. 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు బాక్‌మన్ తన ఉపన్యాసంలో ప్రోగ్రామర్‌ను నావికుడితో పోల్చింది ఇందుకే. ఇప్పుడు ఎక్కడ నిలబడ్డామో డేటాబేస్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తే కరెన్సీ. ప్రోగ్రాం మొత్తానికి ఒకటి, ప్రతి రికార్డు రకానికి ఒకటి, ప్రతి సెట్ రకానికి ఒకటి, ప్రతి ఏరియాకు (డేటాబేస్ పేజీల సముదాయానికి) ఒకటి ఉంటాయి.

ఇక్కడ 'సెట్ రకానికి ఒకటి' అన్న మాట దగ్గర ఆగండి. 'ఏముంది' అనే సెట్ రకానికి ఒక్క గుర్తే ఉంది. మీరు సైకిల్‌లో ఉన్నవాటిని వరుసగా చూస్తూ మధ్యలో చక్రంలోకి దిగారు. చక్రంలో ఉన్నవీ 'ఏముంది' సెట్‌లోనే ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క గుర్తూ చక్రం దగ్గరికి వచ్చేస్తుంది. సైకిల్ గొలుసులో మీరు ఎక్కడిదాకా వచ్చారో డేటాబేస్‌కు ఇక తెలియదు. దిగేటప్పుడు దారి అది చూపిస్తుంది, వెనక్కి వచ్చే దారి మాత్రం మీ దగ్గరే ఉండాలి.

నా ప్రోగ్రాం మొదటి కొమ్మ మాత్రమే చూపించి ఆగిపోతోంది. ఎర్రర్ కూడా రావడం లేదు. ఎందుకు?

పై జవాబులో చెప్పిన తప్పు బయటపడే తీరే ఇది. మీ ప్రోగ్రాం సైకిల్, చక్రం, స్పోకు, ఈ మూడూ అచ్చేసి ఆగిపోతుంది. చక్రంలోని నట్లూ రావు, సీటూ రాదు.

జరిగింది ఇది. స్పోకు దగ్గరికి రాగానే అది తన 'ఏముంది' సెట్‌కు ఓనర్‌గా కరెంట్ అయింది, అంటే గుర్తు దాని మీదికి వచ్చింది. అందులో ఏమీ లేదు కాబట్టి 0307, అంటే సెట్ అయిపోయింది అన్న కోడ్ వచ్చింది. ప్రోగ్రాం ఒక మెట్టు వెనక్కి వచ్చాననుకుని మళ్లీ 'ఏముంది'లో తరువాతి రికార్డు అడిగింది. గుర్తు ఇంకా స్పోకు దగ్గరే ఉంది. మళ్లీ 0307. ఇంకో మెట్టు, మళ్లీ 0307. అన్ని మెట్లూ ఎక్కేసి పని పూర్తయిందని సంతోషంగా ముగించింది.

0307 తప్పు కోడ్ కాదు, మామూలుగా రావలసినదే. అందుకే ఈ పొరపాటు ఏ లాగ్‌లోనూ దొరకదు. నేనొక చోట ఇలాంటి రిపోర్టును అందరూ చాలాకాలం నమ్మి వాడటం చూశాను. ఎక్కువ భాగాలకు అడుగున ఒకే కొమ్మ ఉండటంతో చాలావరకు సరిగ్గానే కనిపించేది. తప్పిపోయిన భాగాలు కొనుగోలు జాబితాలో లేవని తేలాకే సంగతి బయటపడింది.

మరి సరైన పద్ధతి ఏమిటి? ఒక్కో అడుగూ చెప్పండి.

దిగే ముందు, నిలబడ్డ కూర్పు రికార్డు డీబీ-కీని (డేటాబేస్‌లో దాని చిరునామాను) ఒక స్టాక్‌లో, అంటే చివర పెట్టినదాన్ని ముందు తీసే జాబితాలో, దాచాలి. తిరిగి వచ్చాక ఆ డీబీ-కీతో అదే కూర్పును మళ్లీ పట్టుకోవాలి. చేయాల్సింది ఇంతే. వివరంగా అయితే ఇలా:

1. పై భాగాన్ని దాని నంబరుతో ఆబ్టైన్ కాల్క్ (కీతో నేరుగా రికార్డును తెచ్చే ఆదేశం) ద్వారా తెచ్చుకోండి. ఇప్పటిదాకా ఎన్ని అన్న లెక్క 1 దగ్గర మొదలవుతుంది.

2. 'ఏముంది' సెట్‌లో ఆబ్టైన్ నెక్స్ట్. 0307 వస్తే 5కు వెళ్లండి.

3. దొరికిన కూర్పు డీబీ-కీని, ఇప్పటిదాకా ఉన్న లెక్కను స్టాక్‌లో పెట్టండి. కూర్పులో ఉన్న సంఖ్యతో లెక్కను హెచ్చించండి.

4. 'ఎక్కడుంది' సెట్‌లో ఆబ్టైన్ ఓనర్. కింది భాగం వస్తుంది. దాన్ని రాసుకుని 2కు వెళ్లండి.

5. స్టాక్ ఖాళీ అయితే పని అయిపోయినట్టే. లేకపోతే పై వరుసను తీసి, ఆ డీబీ-కీతో ఫైండ్ చేయండి. పాత లెక్కను తిరిగి పెట్టుకోండి. 2కు వెళ్లండి.

నాలుగో అడుగులో ఒక అందం ఉంది. కింది భాగం చేతికి రాగానే అదే తన 'ఏముంది' సెట్‌కు ఓనర్‌గా కరెంట్ అవుతుంది. అందువల్ల వెంటనే నెక్స్ట్ అడిగితే దాని మొదటి మెంబరే వస్తుంది. ఫస్ట్ అని విడిగా అడగక్కర్లేదు, ఒకే లూపు రెండు పనులూ చేసేస్తుంది.

ఐదో అడుగులో ఆబ్టైన్ (డేటా కూడా తెచ్చేది) బదులు ఫైండ్ (రికార్డును పట్టుకోవడం వరకే చేసేది) చాలు. సంఖ్య ఎలాగూ స్టాక్‌లో ఉంది, కావలసింది నిలబడే చోటు మాత్రమే. అయితే ఆ ఫైండ్ తర్వాత స్టేటస్ చూడటం మానకండి. 0326 వస్తే ఆ రికార్డు ఇక అక్కడ లేదు, ఈలోగా ఎవరో తీసేశారు.

ఈ లెక్కన స్పోకులు 2 × 32 = 64 వస్తాయి. నట్లు చక్రాల దారిలో 2 × 2 = 4, సీటు దారిలో 1, మొత్తం 5. మీ ప్రోగ్రాం నట్లు 5 కన్నా చాలా ఎక్కువ చెబితే స్టాక్‌లో పాత లెక్కను తిరిగి పెట్టుకునే చోట చూడండి, తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

డీబీ-కీ 4 బైట్లు. 50 మెట్ల స్టాక్ పెట్టినా కీలకు పట్టేది 200 బైట్లే. స్టాక్ నిండితే మాత్రం ప్రోగ్రాం గట్టిగా కేకపెట్టి ఆగాలి, నిశ్శబ్దంగా కత్తిరించకూడదు.

కొత్త కోబాల్‌లో రికర్షన్ ఉంది కదా, ఈ స్టాక్ గొడవ ఎందుకు?

ఉంది. ప్రోగ్రాం తనను తాను పిలుచుకోవచ్చు. లోకల్-స్టోరేజ్‌లో పెట్టిన వేరియబుల్స్ ప్రతి పిలుపుకూ కొత్తగా పుడతాయి. అవి మీ వేరియబుల్స్, కరెన్సీ మాత్రం డేటాబేస్‌ది. రన్ యూనిట్ (డేటాబేస్‌తో ప్రోగ్రాం నడిపే ఒక సెషన్) ఒకటే కాబట్టి గుర్తులూ ఒక్క జతే. ఎన్ని మెట్లు పిలుచుకున్నా ఆ గుర్తు కింద ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కాబట్టి రికర్షన్ వాడినా డీబీ-కీని లోకల్-స్టోరేజ్‌లో దాచి, తిరిగొచ్చాక ఫైండ్ చేయాల్సిందే. వర్కింగ్-స్టోరేజ్‌లో దాస్తే మళ్లీ మొదటికే వస్తారు, ఎందుకంటే అది అన్ని పిలుపులకూ ఉమ్మడి.

కరెన్సీ మారకుండా ఆపే వీలు లేదా?

కోడాసిల్ డేటాబేస్ బృందం (డీబీటీజీ) 1971 రిపోర్టులోనే కరెన్సీని మారకుండా అణచి ఉంచే వెసులుబాటు ఉంది. కానీ దానితో నిలిచేది ఒక్క చోటే. మన దారిలో మెట్టుకో చోటు గుర్తుండాలి.

స్టాక్ అసలే లేకుండా కుదిరే సందర్భం ఏదైనా ఉందా?

ఉంది. నిర్మాణం నిఖార్సయిన చెట్టు అయితే, అంటే ప్రతి రికార్డుకూ పైన ఒక్కరే ఉంటే, స్టాక్ అక్కర్లేదు. ఉద్యోగి, అధికారి సంగతి తీసుకోండి. ఒక ఉద్యోగి కింద ఉన్నవాళ్లందరినీ చూడటం అయిపోయాక, ఆ ఉద్యోగి 'ఎవరి కింద' సెట్‌లో (విడిభాగాల 'ఎక్కడుంది' లాంటిది) ఉన్న ఏకైక కూర్పును పట్టుకోండి. అదే రికార్డు ఆయన అధికారి గొలుసులోనూ మెంబర్. దాన్ని తాకగానే ఆ గొలుసులో మీ చోటు మీకు దొరికింది. ఇక నెక్స్ట్ అంటే పక్క ఉద్యోగి వస్తాడు.

విడిభాగాల్లో ఇది పనికిరాదు. నట్టు నుంచి పైకి చూస్తే చక్రమూ ఉంది, సీటూ ఉంది. మీరు ఏ దారిలో దిగారో నట్టుకు తెలియదు. ఇప్పుడు చెట్టులా ఉందని స్టాక్ మానేస్తే, రేపు ఎవరైనా ఒక ఉద్యోగిని ఇద్దరు అధికారుల కింద పెట్టిన రోజున ప్రోగ్రాం దారి తప్పుతుంది. అందుకే నేనైతే చెట్టు అని తెలిసినా స్టాకే వాడతాను.

ఒక భాగం ఎక్కడెక్కడ వాడారో పైకి వెతకాలంటే?

అదే లూపు, సెట్లు తారుమారు. 'ఎక్కడుంది'లో నెక్స్ట్, 'ఏముంది'లో ఓనర్.

డేటాలో చక్రబంధం ఉంటే, అంటే ఒక భాగం తిరిగి తనలోనే ఉంటే?

భౌతికంగా అసాధ్యం, డేటాలో మాత్రం సాధ్యం. పాత నంబరు కొత్త భాగానికి ఇచ్చినప్పుడో, మరమ్మతు కిట్‌ను తప్పుగా కలిపినప్పుడో వస్తుంది. డేటాబేస్ దాన్ని ఆపదు, దాని దృష్టిలో అవి సక్రమమైన గొలుసులే.

విప్పేటప్పుడు కొత్త భాగం రాగానే స్టాక్‌లో ఇప్పుడున్న దారిలో అదే భాగం ఉందేమో చూడండి. ఉంటే చక్రబంధమే. దీనికోసం స్టాక్‌లో భాగం నంబరు కూడా పెట్టుకోవాలి. దారంతా అచ్చేసి చూపిస్తే డేటా సరిదిద్దేవాళ్లకు పని సులువవుతుంది.

కొత్త కూర్పును చేర్చేటప్పుడే ఆపగలిగితే ఇంకా మేలు. చేర్చే చోటి నుంచి పైకి వెతకండి. ఆ దారిలో చేర్చబోయే భాగమే కనిపిస్తే చేర్చనివ్వకండి.

అంతకన్నా ఒకసారి చూసిన భాగాన్ని మళ్లీ చూడకుండా వదిలేస్తే తేలిక కాదా?

తేలికే, లెక్క మాత్రం తప్పుతుంది. చక్రంలో నట్టు చూశాం కదా అని సీటులో నట్టును వదిలేస్తే 5 బదులు 4 వస్తాయి. 'ఈ దారిలో చూశాం', 'ఎప్పుడో చూశాం' అన్నవి రెండూ వేరు. చక్రబంధానికి మొదటిదే కొలమానం. ఏయే భాగాలున్నాయో పేర్లు మాత్రం చాలు, సంఖ్యలు వద్దు అనుకుంటే అప్పుడు రెండోది వాడుకోవచ్చు.

అన్నీ సరిగ్గా రాశాను, అయినా రాత్రంతా నడుస్తోంది. ఏం చూడాలి?

రెండు చోట్ల చూడండి.

మొదటిది దారుల సంఖ్య. 21 భాగాలు నిలువుగా ఉన్నాయనుకోండి. ప్రతి భాగం తన కిందిదాన్ని రెండు వేర్వేరు కూర్పులలో వాడుతుంది. కూర్పులు 40 మాత్రమే. కానీ పై నుంచి అడుగుకు దారులు రెండుకు ఇరవయ్యో ఘాతం, 10,48,576. పై పద్ధతి ఆ దారులన్నీ నడుస్తుంది. మందు ఏమిటంటే, ప్రతి భాగానికీ అది కనిపించే అత్యంత కింది మెట్టు నంబరును ముందే లెక్కగట్టి ఉంచడం. ఉత్పత్తి ప్రణాళిక సిస్టంలలో దీన్ని లో-లెవెల్ కోడ్ అంటారు. మెట్టు వారీగా పై నుంచి కిందికి వస్తే, ఒక భాగం వంతు వచ్చేసరికి దాన్ని వాడే భాగాలన్నీ అయిపోయి ఉంటాయి. దాని మొత్తం సంఖ్య సిద్ధంగా ఉంటుంది. ఒక్కసారి విప్పితే చాలు, 10 లక్షల దారుల చోట 20 గొలుసులే తెరుస్తారు.

రెండోది ఓనర్ పాయింటర్. సెట్‌ను నిర్వచించేటప్పుడు ఓనర్ పాయింటర్ ఐచ్ఛికం. అది లేకపోతే ఓనర్ కావాలన్నప్పుడు డేటాబేస్ గొలుసు చివరిదాకా ఒక్కో మెంబర్‌నూ దాటుకుంటూ పోవాలి. నట్టు 5,000 చోట్ల వాడారనుకోండి. దాని 'ఎక్కడుంది' గొలుసు మధ్యలో ఉన్న కూర్పు నుంచి ఓనర్‌ను చేరాలంటే సగటున 2,500 రికార్డులు దాటాలి, అదీ నట్టు కనిపించిన ప్రతిసారీ. కూర్పులను సాధారణంగా పై భాగం దగ్గరే వయా పద్ధతిలో పెడతారు కాబట్టి 'ఎక్కడుంది' గొలుసు పేజీలన్నిటా చెల్లాచెదురుగా ఉంటుంది. స్కీమాలో (డేటాబేస్ నిర్వచనంలో) ముందు చూడాల్సింది 'ఎక్కడుంది' సెట్‌కు ఓనర్ పాయింటర్ ఉందా లేదా అని.

ఓనర్ అడిగితే సంబంధం లేని భాగం వస్తోంది. డేటా పాడైందా?

చాలాసార్లు కాదు. సెట్‌లో మెంబర్‌షిప్ ఆప్షనల్ (విడదీయగలది) లేదా మాన్యువల్ (ప్రోగ్రామే కలపాల్సినది) అయితే కూర్పు రికార్డు ఆ సెట్‌కు కలిపి ఉండకపోవచ్చు. అప్పుడు ఆ సెట్ కరెన్సీ మారదు, ఇంతకుముందు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఓనర్ అంటే ఆ పాత చోటి ఓనర్ వచ్చేస్తాడు, స్టేటస్ 0000తో సహా. ఓనర్‌ను అడిగే ముందు ఇఫ్ మెంబర్ (ఆ సెట్‌కు కలిసి ఉందా అనే) పరీక్ష పెట్టండి. మ్యాండేటరీ ఆటోమేటిక్ (తప్పనిసరిగా, దానంతట అదే కలిసే) సెట్‌లకు ఇది అక్కర్లేదు.

రిలేషనల్ డేటాబేస్‌లోకి తరలించాలి. ప్రతి భాగాన్నీ విప్పుతూ తీయాలా?

వద్దు. ఇక్కడ చాలామంది అనవసరంగా కష్టపడతారు. విప్పడం ఒక ప్రశ్నకు జవాబు కోసం చేసే పని, తరలింపులో కావలసింది నిర్మాణం. కూర్పు రికార్డులను ఏరియా మొత్తం వరుసగా చదువుతూ పోండి. ఒక్కో కూర్పుకూ ఇద్దరు ఓనర్లనూ అడిగి వాళ్ల నంబర్లు తీసుకోండి. పై భాగం, కింది భాగం, సంఖ్య, ఇలా ఒక వరుస తయారవుతుంది. రికర్షన్ లేదు, స్టాక్ లేదు. అయితే ఓనర్లను అడిగాక ఏరియా కరెన్సీ భాగాల వైపు జరగవచ్చు. తరువాతి కూర్పును అడిగే ముందు పాత కూర్పును డీబీ-కీతో మళ్లీ పట్టుకోండి.

కీగా డీబీ-కీని మాత్రం రాయకండి. అది పేజీ నంబరు, పేజీలో వరుస నంబరు కలిసిన చిరునామా. అన్‌లోడ్ చేసి రీలోడ్ చేస్తే మారిపోతుంది.

ఇంకో విషయం సులువుగా జారిపోతుంది. సెట్‌లో క్రమం నెక్స్ట్ లేదా ప్రయర్ (నిలబడ్డ చోటుకు తర్వాత లేదా ముందు చేర్చేది) అయితే, రికార్డుల వరుసే ఒక సమాచారం. ఏ భాగం ముందు బిగించాలో ఎవరో ఆ వరుసలోనే దాచి ఉండవచ్చు. ఏ ఫీల్డులోనూ అది కనిపించదు. అలాంటి సెట్ ఉంటే 'ఏముంది' గొలుసు వెంట నడిచి, 1, 2, 3 అని వరుస నంబరు ఒక కాలమ్‌గా చేర్చండి. తరలింపు అయ్యాక దాన్ని తిరిగి పుట్టించలేం.

కొత్త చోట ఎస్‌క్యూఎల్‌తో విప్పడం ఎలా?

విత్ రికర్సివ్, అంటే తనను తాను మళ్లీ పిలిచే క్వెరీ, ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1999లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉంది. వెనక్కి వచ్చే దారి బాధ్యత ఇప్పుడు డేటాబేస్‌ది.

యూనియన్ వాడాలా, యూనియన్ ఆల్ వాడాలా అన్నది మాత్రం జాగ్రత్తగా తేల్చుకోండి. యూనియన్ ఒకేలా ఉన్న వరుసలను తీసేస్తుంది. ఒకే భాగం ఒకే సంఖ్యలో రెండు దారుల్లో వస్తే ఒకటి మాయమై మొత్తం తగ్గుతుంది. సంఖ్యలు కావాలంటే యూనియన్ ఆలే. పోనీ చక్రబంధాన్నయినా యూనియన్ ఆపుతుందా అంటే, వరుసలో మెట్టు నంబరు ఉంటే ఆపదు, ఎందుకంటే ప్రతి చుట్టుకూ మెట్టు మారి వరుస కొత్తదవుతుంది. దారిని ఒక కాలమ్‌లో మోసుకుంటూ పోల్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి దీనికి సైకిల్ (CYCLE, అంటే చక్రబంధం) అనే క్లాజే ఉంది.

డేటా తీస్తుండగా ఇంకెవరో మారుస్తుంటే?

ఏరియాను ప్రొటెక్టెడ్ రిట్రీవల్ మోడ్‌లో రెడీ చేయండి (తెరవండి). మీరు చదివినంతసేపూ ఇంకొకరు దాన్ని మార్పుల కోసం తెరవలేరు. పగలు అది కుదరకపోతే కాపీ మీద నడపండి.

అంతా వచ్చిందని ఎలా తేల్చుకోవాలి?

కూర్పులను మూడు దారుల్లో లెక్కపెట్టండి. ఏరియా అంతా చదివి ఒకసారి, ప్రతి భాగం 'ఏముంది' గొలుసు వెంట ఒకసారి, ప్రతి భాగం 'ఎక్కడుంది' గొలుసు వెంట ఒకసారి. మన సైకిల్‌కు మూడు చోట్లా 5 రావాలి. ఏరియా లెక్క ఎక్కువై గొలుసు లెక్క తగ్గితే, ఏదో కూర్పు ఆ సెట్‌కు కలిపి లేదు, లేదా గొలుసు తెగింది. రెండు గొలుసుల లెక్కలూ తేడాగా ఉంటే ఏ వైపు తగ్గిందో ఆ వైపు ముందు వెతకండి.

తరువాత పాత డేటాబేస్‌లోనూ కొత్తదానిలోనూ పెద్ద భాగం ఒకటి పూర్తిగా విప్పి, అడుగు భాగాల మొత్తాలను పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎదురు దిశలోనూ ఒకటి చేయండి. దానికి ఎక్కువ చోట్ల వాడిన నట్టునో బోల్టునో ఎంచుకోండి. దాని గొలుసు అన్నిటికన్నా పొడవు కాబట్టి తెగిన పాయింటరూ, కలపని కూర్పూ అక్కడ బయటపడే అవకాశమే ఎక్కువ.